మూతపడని నోరు

రాయిని కొట్టడమంటే ఏమిటో రామదాసుకి ఒకరు చెప్పక్కర్లేదు. జురాంగ్‌లో అతని యార్డు నిండా వంటింటి గట్లకి వేసే గ్రానైట్ పలకలు, సమాధి రాళ్ళు, కాండో అపార్ట్‌మెంట్ల ఫౌంటెన్లలో పెట్టుకునే నున్నటి రాతిగుండ్లు. పుట్టి పెరిగిందంతా సింగపూర్‌లోనే, ఆ రాతి దుమ్ములోనే. అయినా హెల్వి కొట్టినట్టు రాయిని కొట్టేవాళ్ళని అతను ఎన్నడూ చూడలేదు. రాయి తనకేదో ద్రోహం చేసినట్టు కొట్టేదావిడ.

హెల్వి ఎస్టోనియా నుంచి వచ్చిన శిల్పి. డెబ్భై దాటిన మనిషి. సైన్స్ పార్క్‌లో కొత్త భవనం కట్టిన కంపెనీ ఒకటి, గుమ్మం ముందు పెట్టుకోవడానికి ‘పిలుపు’ అనే విగ్రహం చెక్కమని ఆవిణ్ణి రప్పించింది. బరువు ఎత్తడానికి గొలుసు కప్పీ, దుమ్ము లేచినా అడిగే నాథుడు లేని చోటూ కావాలి కనక ఆవిడ రామదాసు యార్డులో సగం తీసుకుంది. వచ్చిన రోజునుంచీ రాతికీ ఆవిడకీ యుద్ధమే.

సోమవారం పొద్దున ఆవిడ విగ్రహం నోటిమీద పనిచేస్తోంది. ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో ఇనప సుత్తి. దెబ్బ వేసేముందు ఊపిరి బిగబట్టడం, వేశాక ‘హుఁ’ అని వదలడం. పెచ్చు ఒకటి ఎగిరొచ్చి కనుబొమ మీద గీరుకుంది. కారుతున్న రక్తాన్ని మోచేత్తో తుడుచుకుని, అదే ఊపులో మరో దెబ్బ వేసింది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి, సుత్తి జారకుండా చేతికి గుడ్డపీలిక కట్టుకునేది. కట్టేటప్పుడు ఒక కొసని పళ్ళతో లాగేది.

"దాస్, ఇలా వచ్చి విను," అంది ఇంగ్లీషులో. వాళ్ళిద్దరికీ అదే భాష. సుత్తి తిరగేసి విగ్రహం దవడమీద తట్టింది. రాయి కంగుమంది.

"ఎక్కడా పగుల్లేదు మేడమ్. గంటలాగ ఉంది," అన్నాడు రామదాసు.

"అయితే అయిపోయింది," అంటూ కింద కూలబడింది హెల్వి.

రామదాసు రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. నడుము దాకా నేలలోంచి లేచినట్టున్న ఆడమనిషి. మెడ నరాలు బిగిసిపోయాయి. నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. కింది దవడ ఒక పక్కకి జరిగిపోయింది, ముందు పళ్ళు రెండు లేవు. అరుస్తోందో, అప్పుడే దెబ్బ తిందో చెప్పడం కష్టం. చూస్తుంటే అతని దవడ కూడా నొప్పెట్టింది.

భోజనాల వేళకి సుధాకరరావు వచ్చాడు. కంపెనీలో భవనాల వ్యవహారాలన్నీ చూసే పెద్ద మేనేజరు, గుంటూరు మనిషి. రామదాసు మాట్లాడే పాతకాలపు తెలుగంటే ఆయనకి ముచ్చట. ఎప్పుడొచ్చినా ఏదో ఒకటి మాట్లాడించి నవ్వుకునేవాడు. ఈసారి మాత్రం విగ్రహం ముందు నిలబడగానే నవ్వు మాయమైపోయింది.

"ఇదేంటి మేడమ్? మీరు పంపిన మోడల్లో నోరు చిన్న గీతేగా!"

"నమూనా గుప్పెడంత. అందులో గీత కాక ఏం పడుతుంది?"

"మూసేయండి. శుక్రవారం మా చైర్మన్ వస్తున్నారు."

"లేదు," అంది హెల్వి.

"కనీసం కాస్త చిన్నగా..."

"లేదు," అని సుత్తి తీసుకుని ఆయన పక్కనే ఉన్న రాతి మోచేతిమీద ఒక్కటేసింది. పెచ్చు వెళ్ళి ఆయన మెడలో ఉన్న కంపెనీ కార్డుకి తగిలింది. ఆవిడకి మాటకారితనం లేదు, ఉన్నదంతా చేతిలోనే.

సుధాకరరావు రామదాసుని పలకల చాటుకి తీసుకెళ్ళాడు.

"చూడండి రామదాసు గారూ, పొద్దున్నే ఆఫీసుకొచ్చేవాళ్ళకి ఆ మొహం ఎదురైతే ఎట్లా? ఇంట్లో ఎవరో పోయినట్టు లేదూ? రేపు ఆవిణ్ణి నేను లంచ్‌కి తీసుకెళ్తా. మీ దగ్గర గ్రైండరుందిగా, ఆ నోరు కాస్త నున్నగా లాగించేయండి."

"ఆమె చెక్కింది సార్ అది. నేనెట్టా చెయ్యి పెట్టేది?"

"మీరు పెట్టకపోతే బయటివాణ్ణి పెట్టిస్తా. వాడు మొహమంతా చెడగొడతాడు. మీరైతే పద్ధతిగా చేస్తారని." కారు తాళాలు తీస్తూ, పిల్లల చదువుల గురించి అడిగినంత మామూలుగా అడిగాడు. "అవునూ, ఈ షెడ్డు కూడా మా గ్రూపుదేగా. లీజు రెన్యూవల్ ఈ నెల్లోనే కదండీ?"

ఆ సాయంత్రం బూన్ లే పేటలోని తన ఫ్లాట్లో రామదాసు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. యార్డులో డ్రాయింగులు గీసేదీ, కంప్యూటరు చూసేదీ అతని కూతురు కీర్తికే. విషయం విని చెంచా పక్కన పడేసింది.

"డోంట్ లా, నానా. దట్స్ హర్ వర్క్," అంది తన సింగపూర్ ఇంగ్లీషులో.

"నేను చెయ్యకపోతే ఇంకెవడో చేస్తాడమ్మా. రాయంతా నాశనం అయిపోద్ది."

"సో యూ గో అండ్ నాశనం ఫస్ట్, ఈజ్ ఇట్?"

"దానికేం తెలుసు, నువ్వు తిను," అంది సీతమ్మ భర్తకి రసం పోస్తూ. "లీజు పోతే ఆ మిషన్లన్నీ ఈ ఫ్లాట్లో పెడతావా? అయినా నోరట్టా పగిలిన బొమ్మని ఎవురన్నా వాకిట్లో పెట్టుకుంటారా? మన గుడిలో అమ్మవారి చెయ్యి విరిగితే ఏం చేశారు? పడవలో తీసుకెళ్ళి సముద్రంలో కలిపేశారు. భిన్నమైంది మనుషుల కళ్ళ ముందు ఉండకూడదు."

రామదాసుకి ఆ మాట నమ్మాలనిపించింది. నమ్మితే అన్నం సహిస్తుంది. అందుకని నమ్మేసి, రసం కలుపుకుని తినేశాడు.

మంగళవారం సుధాకరరావు కారు గేటు దాటగానే అతను గ్రైండరుకి కొత్త డైమండ్ చక్రం బిగించాడు. నీళ్ళ పైపు భద్రయ్య పట్టుకున్నాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఆ యార్డులోనే ఉన్న పనివాడు.

"బాబూ, మొకం అటేపు తిప్పుకుంతాను. నాను సూడలేను," అన్నాడు.

"నువ్వు చూడక్కర్లేదు, నీళ్ళు పట్టు చాలు."

చక్రం పైపెదవిని తాకగానే యార్డంతా కీచుమంది. రామదాసు చేతులకి పని తెలుసు, అవి వాటిపాటికి అవి చేసుకుపోయాయి. పైపెదవి అంచు పోయింది. పన్నొకటి పోయింది. బియ్యం కడుగులాంటి బూడిద నీళ్ళు విగ్రహం గడ్డంమీంచి గుండెలమీదికి కారాయి. కళ్ళలోకి మాత్రం అతను చూడలేదు. ఆ చప్పుడులో గేటు దగ్గర టాక్సీ ఆగడం ఎవరికీ వినపడలేదు.

మొదటి దెబ్బ భుజమ్మీద పడింది. హెల్వి సుత్తి తిరగేసి పట్టుకుని కర్రతో కొడుతోంది. అరుపు లేదు, తిట్టు లేదు. రాయిని కొట్టేటప్పటి ‘హుఁ’ ఒక్కటే. రెండో దెబ్బ మోచేతి ఎముకమీద పడేసరికి గ్రైండరు చేతిలోంచి జారి, తిరుగుతూనే ఎగిరి, ప్యాంటు చీల్చుకుని పిక్కని గీరింది. భద్రయ్య పరిగెత్తి కరెంటు తీగ పీకేశాడు. మూడో దెబ్బ చెవి మీద పడింది. రామదాసు చెయ్యి అడ్డం పెట్టలేదు. నాలుగోది ఎప్పుడు పడుతుందా అని నిలబడ్డాడు. ఆ దెబ్బలు తనకి దక్కవలసినవేనని అతనికి తెలుసు.

"స్టాప్ ఇట్! మేడమ్!" అంటూ సుధాకరరావు వగరుస్తూ వచ్చిపడ్డాడు. భోజనానికి వెళ్ళిన హాకర్ సెంటర్‌లో ఆయన తినడం మాని మాటిమాటికీ గడియారం చూస్తుంటే ఆవిడకి అనుమానం వచ్చింది. చెప్పాపెట్టకుండా లేచి టాక్సీ ఎక్కేసింది. ఆయన వెనకనుంచి ఆవిణ్ణి రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఆవిడ తల వంచి ఆయన మణికట్టు కొరికింది.

సుధాకరరావు చెయ్యి విదిలించుకుని ఆవిడ చెంపమీద కొట్టాడు. చాచి కొట్టాడు.

కళ్ళజోడు ఎగిరిపోయింది. ఆవిడ పక్కకి పడి రాతి మోచేతికి మొహం కొట్టుకుంది. లేచి కూర్చునేసరికి పెదవి చిట్లి గడ్డమంతా రక్తం. పైన రాతి నోట్లోంచి బూడిద నీళ్ళు కారుతున్నాయి, కింద ఆవిడ నోట్లోంచి రక్తం కారుతోంది. రామదాసు మొదటిసారి ఆ రెండు మొహాలనీ కలిపి చూశాడు. 

ఒక్క అంగలో వెళ్ళి సుధాకరరావు కాలరు పట్టుకుని పలకల దొంతరకేసి గుద్దాడు. పలకలు గలగలమన్నాయి.

"ముసలామెని కొడతావురా? నీకు తల్లి లేదా?"

"ఆవిడే కరిచింది! రక్తం చూడండి!" సుధాకరరావు మణికట్టు చూపించాడు. తను చేసిన పనికి తనే బిత్తరపోయిన మనిషిలా ఉన్నాడు. కానీ ఊపిరి తిరగగానే ఆయనలోని మేనేజరు కూడా తిరిగొచ్చాడు. "చెయ్యి తీయండి. లీజు సంగతి గుర్తుందా మీకు?"

ఆ ఒక్క మాటకే రామదాసు పట్టు సడలిపోయింది. అతను వదలాలనుకోలేదు, వేళ్ళే వదిలేశాయి. తన చేతిని చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

"శుక్రవారానికి నాకు నోరు కనపడకూడదు. ఎట్లా చేస్తారో మీ ఇష్టం," అని సుధాకరరావు మణికట్టుకి రుమాలు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

కీర్తిక మందుల పెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముందు తండ్రి పిక్కకి కట్టు కట్టి, తర్వాత హెల్వి పెదవికి ఐసు అద్దింది. 

"ఆంటీ, పోలీసుల్ని పిలుస్తాను."

"పోలీసులు వస్తారు, రాసుకుంటారు, వెళ్తారు. రాయి మాత్రం వాళ్ళు కొనుక్కున్నదే," అంది హెల్వి. కళ్ళజోడు ఒక అద్దం పగిలింది. అయినా పెట్టుకుని, లేచి, విగ్రహం పైపెదవి ఉన్నచోట వేలితో తడిమింది. "దాస్, నువ్వు బాగా పనిచేస్తావు. నా మొదటి విగ్రహానికి నీలాంటివాడే దొరికాడు."

రామదాసు తలెత్తలేకపోయాడు. చిట్లిన పెదవితో ఆవిడ మెల్లగా చెప్పుకుపోయింది, మధ్యమధ్య ఎర్రగా ఉమ్ముతూ.

"ఇది మా అమ్మ నోరు. మా ఊళ్ళోవాళ్ళని సోవియట్ సైన్యం పశువుల రైలుపెట్టెల్లో సైబీరియాకి తోలిన ఏడు, నేను చంటిదాన్ని, అమ్మ చంకలో ఉన్నాను. అమ్మ ఎవర్నో పేరు పెట్టి పిలిచింది. సైనికుడు తుపాకీ మడమతో మూతిమీద కొట్టాడు. దవడ మళ్ళీ కుదురుకోలేదు. చచ్చేదాకా ఆ నోరు మూతపడలేదు. అలాగే జోలపాట పాడేది, అలాగే తినేది. నాకు ఉలి చేతికొచ్చిన రోజున నేను చెక్కింది ఆ నోరే. పార్టీ కమిటీవాళ్ళొచ్చి, మా జనం అలా అరవరని చెప్పి అరగదీయించారు. మళ్ళీ చెక్కాను. దాన్ని సమ్మెటతో పగలగొట్టారు. మూడోసారి వాళ్ళొచ్చే లోపల నేనే మూసేశాను." పెదవి తుడుచుకుంది. "అన్నిట్లోకీ అదే పెద్ద దెబ్బ. ఆ తర్వాత చాలా ఏళ్ళు మూసుకున్న నోళ్ళే చెక్కాను. సైనికులు, పాలు పితికేవాళ్ళు, ట్రాక్టరు నడిపేవాళ్ళు. బిరుదులిచ్చారు. స్వతంత్రం వచ్చాక తెరిచిన నోళ్ళు చెక్కానుగానీ అన్నీ చిన్నవి, అలమారలో పెట్టుకునేవి. ఇంత పెద్దది చెక్కే బలం ఈ చేతులకి ఇక రాదు."

"క్షమించండి మేడమ్," అన్నాడు రామదాసు. ఇంకేమనాలో తెలియక, తనకి తెలిసిన మర్యాద ఏదో అదే చెప్పాడు. "మాలో భిన్నమైన విగ్రహాన్ని అవమానపడనివ్వరు. సముద్రంలో కలిపేస్తారు. మీరు ఊఁ అంటే పడవ మాట్లాడతాను. బయటివాడి చెయ్యి పడకుండా నేనే తీసుకెళ్తాను."

హెల్వి అతని వైపు తిరిగింది.

"నీళ్ళలో వేస్తే మళ్ళీ ఎలా తీస్తావు?"

"తియ్యం. వదిలెయ్యడానికేగా వేసేది."

"మేం పాతిపెడతాం," అంది. "నా గురువు మా ఊళ్ళో ఒక స్మారకం చెక్కాడు. మందుగుండు పెట్టి పేల్చేస్తారని తెలిసి, ముందే ఊరివాళ్ళు దాని తల తీసి బంగాళాదుంపల చేలో పాతేశారు. మర్నాడు మిగతాది పేలిపోయింది. ఎవర్ని కొట్టినా తల ఎక్కడుందో చెప్పలేదు. నాకు నలభై ఏళ్ళప్పుడు తవ్వి తీశాం. నా పారే తగిలింది దాని ముక్కుకి." గుడ్డపీలిక కొస పళ్ళతో పట్టుకుని చేతికి బిగించబోయింది, పెదవి నొప్పికి ఆగి కీర్తిక వైపు చెయ్యి చాపింది. కీర్తిక ముడి వేసింది. "నీ డ్రిల్లు ఎక్కడుంది? మెడ తీసేద్దాం."

బుధవారమంతా ఆ పనే. మెడ చుట్టూ రామదాసు వరసగా రంధ్రాలు వేశాడు. ఒక్కో రంధ్రంలో ఇనప చీల దించాడు. చీలలు కొట్టడం మాత్రం హెల్వి ఎవరికీ ఇవ్వలేదు. ఒకదాని తర్వాత ఒకటి, మెడ చుట్టూ తిరుగుతూ సమ్మెట వేసింది. ఒక్కో చుట్టుకీ చప్పుడు సన్నబడుతూ, పదునెక్కుతూ వచ్చింది. చెంప నీలంగా వాచిపోయి ఉంది, దెబ్బ వేసినప్పుడల్లా పెదవి పగిలి మళ్ళీ రక్తం వస్తోంది. ఎముక విరిగినట్టు ‘ఠప్’మంది. గొలుసుకి వేలాడుతున్న తల కొద్దిగా ఊగింది.

భద్రయ్య కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేశాడు.

ఖాళీ మెడమీద ఏం పెట్టాలో ఆవిడ ముందే చూసుకుంది. యార్డు మూలనున్న ఫౌంటెన్ గుండు. కళ్ళూ ముక్కూ నోరూ ఏమీ లేని నున్నటి బూడిదరంగు గుండు. స్టీలు కడ్డీ దించి దాన్ని నిలబెట్టి, కీర్తిక ఫోటో తీసి సుధాకరరావుకి పంపింది. క్షణంలో జవాబు వచ్చింది. "వావ్. వెరీ మోడరన్. ఇదే మొదట్నుంచీ మేం అడిగింది!" హెల్వి విని నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకుంది.

"పైపెదవి సంగతేంటి మేడమ్?" రామదాసు నేలమీద ఉన్న తల ముందు గొంతుకూర్చున్నాడు. తను అరగదీసిన చోటు అసహ్యంగా మెరుస్తోంది. "మళ్ళీ చెక్కుతారా?"

"ఎందుకు? అదీ ఉండాలి. తవ్వినవాళ్ళకి ఎవరు ఎక్కడ కొట్టారో తెలియాలి."

ఆ మాట సమ్మెటదెబ్బ కంటే గట్టిగా తగిలింది. రామదాసు దులిపేసుకోవాలనుకోలేదు.

గురువారం పొద్దున సైన్స్ పార్క్‌లో విగ్రహం కింద దిమ్మె వెయ్యడానికి గొయ్యి సిద్ధం చేసింది వాళ్ళే. కంపెనీవాళ్ళకి రాతిపని చూసే ఓపిక ఉండదు కనక అటు ఎవరూ తొంగిచూడలేదు. గోనెలు చుట్టిన తలని కప్పీతో దించారు. రామదాసు అలవాటు కొద్దీ దాన్ని బోర్లించాడు. సమాధి రాయి దాచేటప్పుడు అక్షరాలు చెడిపోకుండా అలాగే బోర్లిస్తారు.

"పైకి," అంది హెల్వి.

"అరిగిపోద్దేమో మేడమ్."

"తవ్వేవాడికి ముందు నోరు కనిపించాలి."

వెల్లకిలా తిప్పాడు. మీద సిమెంటు పడకుండా తలచుట్టూ ఇసక కూరాడు. చివరికి నోట్లో కూడా పోయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ నోటిమీద ఒక పలక మూసి, పైన ఇసక పోసి, ఆ పైన దిమ్మె కట్టి విగ్రహం నిలబెట్టారు.

శుక్రవారం చైర్మన్ వచ్చాడు. చప్పట్లు కొట్టారు. గుండు తల నిమిరి, చాలా ప్రశాంతంగా ఉందన్నాడు. హెల్వి చెంపమీది నీలం ఎవరికీ కనపడలేదు, లేదా కనపడనట్టు నటించడం అందరికీ చేతనయింది. చిట్లిన పెదవి గురించి అడిగితే పనిలో తగిలిందని సుధాకరరావే చెప్పాడు. సాయంత్రం విమానం కనక ఆవిడ తొందరగా కారెక్కింది. ఎక్కేముందు రామదాసు దెబ్బతిన్న మోచేతిని ఒకసారి గట్టిగా నొక్కింది. అతను మూలిగాడు, ఆవిడ తల ఊపింది. వాళ్ళ వీడ్కోలు అంతే.

జనం ఫలహారాల వైపు వెళ్ళాక సుధాకరరావు రామదాసు పక్కకి వచ్చాడు. మణికట్టుకి ఇంకా ప్లాస్టరుంది.

"ఆ రోజు ఏదో... చెయ్యి అట్లా లేచిపోయింది రామదాసు గారూ. రెండు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు నాకు. పోనీలెండి. లీజు కాయితాలు సోమవారం పంపిస్తా." గొంతు తగ్గించాడు. "అవునూ, ఆ తల ఏం చేశారు?"

"మర్యాదగా సాగనంపాం సార్."

"సముద్రంలో కలిపేశారా? మంచి పని చేశారు. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు ఇట్లాంటివి. ఆవిడకేం తెలుసు!" తేలిగ్గా ఊపిరి వదిలి, దిమ్మెమీద కాలు ఆనించి బూటు తాడు కట్టుకుని వెళ్ళిపోయాడు.

రామదాసు కాదనలేదు, ఔననలేదు. అరవయ్యేళ్ళలో అంత కష్టపడి నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

కీర్తిక రెండు కప్పుల తేతారిక్ టీ తెచ్చి దిమ్మె ఎక్కి కూర్చుంది. మంగళవారం నుంచీ తండ్రితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇప్పుడూ గుండుతలనే చూస్తోంది.

"సో ఈజీ ఫర్ దెమ్, హో? వన్ బాల్ ఓన్లీ, అందరూ హ్యాపీ. నానా, ఆంటీ ఎవరికి చెప్పి వెళ్ళింది? హూ విల్ డిగ్?"

"వాళ్ళ ఊళ్ళో పాతినాయన, తవ్వే రోజుకి లేడంటమ్మా. నిన్న గొయ్యి దగ్గర చెప్పింది."

"దెన్ హౌ దే ఫైండ్?"

"కూతురికి చెప్పి పోయాడంట."

కీర్తిక కప్పు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. తండ్రి మొహం చూసింది, చెవి పక్కన ఇంకా కమిలి ఉన్న దెబ్బ చూసింది. దిమ్మె దిగింది. తను కూర్చున్న చోట రాతికి చెయ్యి తాకించి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే సీతమ్మ కొట్టి మరీ నేర్పింది అది.

"ఏ వైపుకుంది, నానా, మొహం?" అని తెలుగులోనే అడిగింది.

"పైకి," అన్నాడు రామదాసు.